నాలుగు తీరాల నాచు, ఒక్క గోనెసంచి

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తల్ల, నల్లగొండ బస్టాండుల నేను కొట్టిన బేరం మా బజార్ల ఏ సేటూ కొట్టలేదు. నాలుగు మూటల కిరాయిని ఒక్క మూటకు దించిన. ఎట్లంటరా? నాలుగూ విప్పి ఒక్క గోనెసంచిల గుమ్మరించిన. (కిరాణా కొట్టుల పెరిగినోనికి సగం సగం సంచులు కనపడితే చెయ్యి ఊకోదు.) సరుకు నాలుగు సముద్ర తీరాల కాడ ఏరి తెస్తున్న ఎర్ర నాచు. ఉడకబెడితే జెల్లీ గట్టిపడే పొడి వస్తది, మంచి ధర పలుకుతది. చౌటుప్పల్ కాడి ల్యాబుల నాకు కొత్త నౌకరీ. నాలుగు తీరాల నాచుల జన్యువులు ఎంత వేరున్నయో ల్యాబు నడిపే మేడం పరీక్ష చేసి, ఏ తీరం విత్తనం పెంచాలో తేల్చాలె. గా సంగతి అప్పటికి నాకు తెల్వదు.

బస్సు ఎక్కినంక మేడం ఫోన్ చేసింది. "తమ్మీ, మూటలు పైలం. ఒకదాంట్లది ఒకదాంట్ల పడితే నా ఏడాది పోయినట్టే." తీరం పేరు మూట మీదనే ఉండె, నాచు మీద లేదు. ల్యాబుకు పోయి స్టోరు రూం గొళ్ళెం పెట్టుకొని బాపుకు ఫోన్ చేసిన.

"బాపూ, నాలుగు ఊర్ల మిరపకాయ కలిస్తె ఎట్ల ఏరుతవ్?"

"రంగు చూస్త, వాసన చూస్త. ఏం కలిపినవ్ రా?"

"నాచు."

"నాచా? నీకు నౌకరీ ఇచ్చినోళ్ళకు దండం పెట్టాలె!"

రంగును బట్టి నాలుగు కుప్పలు చేసి, తోచినట్టు తీరం పేర్ల చీటీలు కట్టిన. అడుగుల చప్పుడు వినపడితే చాలు, కుప్పల మీద గోనెసంచి కప్పేటోన్ని. పొద్దున నాలుగు కుప్పలు చూసి మేడం మురిసిపోయింది. "దీన్ని బట్టే తీరంల నాచు పెంచే ఆడోళ్ళకు విత్తనం పంచుతం తమ్మీ. తప్పుడు విత్తనమైతే ఆళ్ళ కష్టం నీళ్ళపాలే" అనుకుంట పరీక్షకు దంచనీకి మొదటి మొక్కను చిన్న రోట్లె ఏసింది.

"మేడం, ఆపుండ్రి! నేను కలిపిన. రంగు చూసి ఏరిన."

మేడం రోకలి కింద పెట్టింది. "ఒక్క తీరంలనే ఎండను బట్టి రంగు మారుతది తమ్మీ. కంటికి తెలిస్తె జన్యువులు చూసుడు ఎందుకు?" అన్నది గంతే.

మరుసటేడు నాచు కాలం వచ్చినంక మళ్ళ నాలుగు తీరాలు తిరిగినం. మూటలు నా ఒళ్లనే, నిద్రల గూడ. ఇప్పుడు మా ఇంట్ల రెండు సగం పప్పు డబ్బాలున్నా కలపనియ్య. మా ఆవిడ నవ్వుతది.

ఇగ లెక్క. మిగిలింది మూడు మూటల కిరాయి, నూట ఇరవై రూపాయలు. పోయింది మేడం ఏడాది. ఇంకొకటి: ఆఫీసుల నాలుగు మూటల కిరాయి రాసి, ఆ నూట ఇరవై నేనే జేబుల ఏసుకున్న. గది ఆ రోజు చెప్పలే. ఇయ్యాల రాస్తున్న.