కాంటా చెప్పని సంగతి

ఆ శుక్రవారం మసీదులో నుదురు నేలకు ఆనించి సజ్దా చేశాను. మళ్లీ నిలబడాల్సి వచ్చేసరికి తొడలు నా మాట వినలేదు. మిగతా నమాజు కూర్చునే ముగించాను. అయ్యాక పక్కనున్నాయన చెయ్యి అందిస్తే లేచాను. తర్వాతి వారం నుంచి వెనక వరుసలో కుర్చీ వేసుకున్నాను. అరవై ఆరేళ్ల మనిషి కుర్చీలో కూర్చుంటే తప్పేముందని అందరూ అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మాది రాంగోపాల్‌పేట్‌లో పప్పుల దుకాణం. బస్తాలు తూచే కాంటా మీద ప్రతి నెలా మొదటి తారీఖున నేనూ ఎక్కి నిలబడతాను. ఇరవై ఏళ్లుగా డెబ్బై రెండు కిలోలే, ఒకటి అటూ ఇటూ. పాంట్లు మాత్రం నడుము దగ్గర బిగుతయ్యాయి, తొడల దగ్గర వదులయ్యాయి. బరువు మారలేదు కదా అని కుట్టినవాణ్ణి తిట్టాను.

పొట్ట తగ్గితే కాళ్లకు భారం తగ్గుతుందని సొంత వైద్యం మొదలుపెట్టాను. రాత్రి అన్నం మానేసి నాలుగు బొప్పాయి ముక్కలు తినేవాణ్ణి. మా ఆవిడ జైనబ్ ఎంత మొత్తుకున్నా వినలేదు. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఆ సంతోషంలో దుకాణంలో అందరికీ చాయ్ తాగించాను. అదే వారం షట్టర్ ఎత్తబోయి మోకాళ్ల ఎత్తులోనే వదిలేశాను.

జైనబ్ ఇక ఊరుకోలేదు, ఆస్పత్రికి లాక్కెళ్లింది. షుగర్, థైరాయిడ్, విటమిన్ డి, కిడ్నీల కోసం క్రియాటినిన్ అన్నీ చేయించారు. గ్రిప్ టెస్ట్ అని ఒక పిడి చేతికిచ్చి గట్టిగా నొక్కమన్నారు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంటే రెండుసార్లకే కూలబడ్డాను. ఆ తర్వాత ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అని చూసే డెక్సా స్కాన్. రిపోర్టు చూసి, దీన్ని సార్కోపీనియా అంటారని డాక్టరమ్మ చెప్పారు. వయసు పెరిగేకొద్దీ కండ కరుగుతుందట, కొవ్వు చేరుతుందట, కండ లోపల కూడా. అందుకే అన్నేళ్లూ నా బరువు అంతే ఉండిపోయింది.

కాంటాను నమ్మానని ఆమెతో చెప్పుకున్నాను.

"కాంటా ఎంతుందో చెప్తది అంకుల్, ఏముందో చెప్పదు. తిండి మానేసి మీరు కొవ్వుతోని కండ కూడ పోగొట్టుకున్నరు," అన్నారు.

సిగ్గేసింది. ఊరందరికీ తూచి ఇచ్చేవాణ్ణి, నా తూకం దగ్గరే మోసపోయాను.

కిడ్నీలు బాగున్నాయి కాబట్టి పూటపూటకీ ప్రోటీన్ ఉండాలన్నారు. గుడ్డు, పప్పు, పెరుగు, చేప. పప్పుల దుకాణం పెట్టుకుని పప్పు తినమని డాక్టరుతో చెప్పించుకున్నానని జైనబ్ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. వారానికి మూడు రోజులు బరువులెత్తే వ్యాయామాలు చేయాలని ఫిజియోథెరపిస్ట్ స్వప్న నేర్పింది. డంబెల్స్ కొనబోతుంటే జైనబ్ ఆపింది. ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాక మూలపడేసిన ఇనుప తూకపు రాళ్లను తోమి నా ముందు పెట్టింది. "కొత్తవి ఎందుకండి? ఇవన్ని ఉట్టిగనే పడున్నయి కద," అంది. కిలో రాయి చేత్తో పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టి రెండు కిలోల దాకా వచ్చాను.

మూడో నెలలో వైరల్ ఫీవర్ వచ్చి పన్నెండు రోజులు మంచాన పడ్డాను. లేచి చూస్తే కిలో రాయి కూడా బరువైంది. ఏడ్చాను, దాచేదేముంది.

"మంచంల పోయింది మళ్ల వస్తది అంకుల్. ఈసారి జల్ది వస్తది," అంది స్వప్న. అరకిలో రాయితో మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పటికి పది నెలలైంది. షట్టర్ నేనే ఎత్తుతున్నాను. కాంటా మళ్లీ డెబ్బై రెండు చూపిస్తోంది, పాంట్లు మాత్రం నడుము దగ్గర వదులయ్యాయి. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బరువు చూసుకున్న రోజే చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి చూడండి. లేవలేకపోతే తిండి మానకండి, డాక్టరుకు చూపించుకోండి.

మొన్న శుక్రవారం కుర్చీ మడిచి గోడకు ఆనించి, నా పాత వరుసలో నిలబడ్డాను. నమాజు ముగిశాక, అప్పుడు నన్ను లేపినాయనే పక్కనుంచి మళ్లీ నా వైపు చెయ్యి చాచాడు. అప్పటికే నేను లేచి నిలబడ్డాను. ఆ చేతిని అందుకుని సలాం చెప్పాను.