రేడియేటర్‌లో బొగ్గుబాయి నీళ్ళు

ముప్పై ఏళ్ళకు దగ్గర పడుతోంది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మూడు మాటలు. చెప్పడానికి క్షణం పట్టలేదు. దింపుకోవడానికి మాత్రం ఇంతకాలమైనా చోటు దొరకలేదు. మా ఆవిడకు చెప్పలేదు. అక్కకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. గోదావరిఖనిలో, బొగ్గుబాయి లోపల నీళ్ళు తోడే పంపు నడిపి రిటైరైన మనిషిని అనుకోండి, చాలు.

మా బావకు ఒక పద్మిని కారు ఉండేది. బావ అంటే మా పెద్దక్క భర్త. నేను పనిచేసే బాయిలోనే ఓవర్‌మెన్, షిఫ్టులో పనివాళ్ళందరి మీదా పెద్ద. నోరు పెద్దది, మనసు కూడా చిన్నదేం కాదు. ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ అమ్మితే ఆ కారు కొన్నాడు. మీగడ రంగు. మా క్వార్టర్ల వరసలో అంతకుముందు స్కూటరే గొప్ప. ఆదివారం పొద్దున బావ దాన్ని కడుగుతుంటే వరసంతా వేపపుల్లలు నములుతూ వచ్చి నిలబడేది. "ఎంతగనం తోముతవ్ బావా, రంగు పోతది" అని నేనంటే తడిగుడ్డ నా మొహాన విసిరేవాడు. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎంత మంచి రోజులవి!

కారుకు ఒకటే జబ్బు, ఎండాకాలం ఇంజన్ వేడెక్కేది. మా రామగుండం ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? స్టేషన్ దాకా పోయేలోపే మీటరు ముల్లు ఎర్రగీత వైపు పాకేది. దాన్ని చల్లగా ఉంచే పని నాది. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే మీదేసుకున్నాను. ఇంజన్‌కు పెట్రోలు అందించే చిన్న పంపుకు తడిగుడ్డ చుట్టేవాణ్ణి. ఫ్యాను బెల్టు బిగువుగా ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూసేవాణ్ణి. రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న బొగ్గుపొడినీ పురుగులనూ పాత బ్రష్షుతో దులిపేవాణ్ణి. దారిలో చెట్టు కనిపిస్తే ఆపించి, బానెట్ ఎత్తి, ఇంజన్ చల్లారేదాకా ఎవరినీ ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. "బండి నాది, హుకుం మా బామ్మర్దిది" అని బావ అందరితో చెప్పేవాడు. ఆ మాట వింటే నాకు ఎంత పొగరో మీకెలా చెప్పను? అక్క ఇంట్లో ఉండి, అక్క చేతి కూడు తింటూ, బావ చెబితే ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఆ ఇంట్లో నాకంటూ ఉన్న పేరు అదొక్కటే.

ఈ పనులన్నీ నాకు నేర్పింది కొమురన్న. కొమురయ్య మెకానిక్ అంటే ఖనిలో తెలియనివాళ్ళు లేరు. మార్కెట్ వెనక రేకుల షెడ్డు. ఇంజన్ మీద చెయ్యి వేసి, పిల్లవాడికి జ్వరం చూసినట్టు చూసేవాడు. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. వానాకాలంలో షెడ్డు రేకుల మీది నీళ్ళను డ్రమ్ముల్లో పట్టి, గుడ్డతో వడపోసి, ఎండాకాలం దాకా దాచేవాడు. తన దగ్గరికి వచ్చే ప్రతి చిన్న కారుకూ ఒక క్యాన్ నింపి ఇచ్చేవాడు. రేడియేటర్‌లో వాన నీళ్ళే పోయాలి, బొగ్గుబాయి నీళ్ళు చుక్క కూడా తగలకూడదు, అవి ఇనుమును తింటాయి, సన్నటి గొట్టాల్లో పాచిలా పేరుకుంటాయి అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

నేను విన్నాను. తల ఊపాను. నా తెలివి నాకుంది కదా.

బాయి లోపల నా పంపు దగ్గర, బొగ్గు పొర సందులోంచి ఒక ఊట కారేది. సన్నటి ధార. పైన రోహిణి కార్తె ఎండలు కాస్తున్నా అక్కడ చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లన. అద్దంలా తేటగా ఉండేవి ఆ నీళ్ళు. పంపు తోడే మురికి నీళ్ళు వేరు, ఇవి వేరు అని నా నమ్మకం. ఇంత చల్లటి నీళ్ళు పోస్తే ఇంజన్ వేడెక్కడమేమిటి? షిఫ్టు దిగేటప్పుడు ఐదు లీటర్ల క్యాన్ నింపుకుని పైకి తెచ్చేవాణ్ణి. "ఏందన్నా, బాయిల నీళ్ళు ఇంటికి మోస్తున్నవ్, అక్క చారు పెడ్తదా?" అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. కొమురన్న ఇచ్చిన వాన నీళ్ళ క్యాన్‌ను అక్క తులసి కోటలో ఒంపేసి, నా క్యాన్ రేడియేటర్‌లో పోసేవాణ్ణి. రెండు ఎండాకాలాలు అలా పోశాను.

నాకు తెలియక చేశానా? ఈ ప్రశ్న నాకు నేనే వెయ్యిసార్లు వేసుకున్నాను. పంపు మనిషిని నేను. బాయి నీళ్ళు ఇనుప పైపులను ఎలా కొరుక్కు తింటాయో, ఎన్ని పైపులు మార్చామో నా చేతులకు తెలుసు. అయినా నా ఊట వేరే అనుకున్నాను. తెలియక కాదు, తెలిసింది ఒప్పుకోవడం ఇష్టం లేక.

ఆ మే నెలలో కాసిపేటలో మా చిన్నమ్మ మనవడి పుట్టువెంట్రుకలు. అంతకు నెల ముందే కొమురన్న ఇంజన్ విప్పి, హెడ్డు కింద నీళ్ళు కారకుండా పట్టే గ్యాస్కెట్ కొత్తది వేసి బిగించాడు. రేడియేటర్ మాత్రం విప్పలేదు. నేను తల ఊపాను కదా, వాన నీళ్ళే పోస్తున్నానని ఆయన నమ్మకం. బావ, అక్క, పిల్లలు, నేను బయలుదేరాం. గోదావరి వంతెన దాటి కొంతదూరం పోయామో లేదో ముల్లు ఎర్రగీత దాటింది. ఆపమన్నాను. ముహూర్తం దాటిపోతుందని బావ ఆపలేదు. ఇంకాస్త పోయాక బానెట్ కింది నుంచి ఆవిరి బుస్సుమంది, ఏదో విరిగినట్టు చప్పుడైంది, కారు నిలిచిపోయింది. పిల్లలు ఏడుపు. లారీకి తాడు కట్టించి వెనక్కి లాక్కొచ్చాం, నేరుగా కొమురన్న షెడ్డుకు.

షెడ్డులో ఇంకో నలుగురు ఉన్నారు. కొమురన్న రేడియేటర్ మూత తీసి వేలు లోపల పెట్టాడు. బయటికి తీస్తే తుప్పురంగు ముద్ద. దాన్ని బొటనవేలితో నలిపి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"తమ్మీ, గిండ్ల ఏం నీళ్ళు పోసినవ్?"

"నువ్విచ్చినయే అన్నా. వాన నీళ్ళు."

"బొగ్గుబాయి నీళ్ళు గిట్ల పోయలేగద? కోపం జెయ్య, నిజం జెప్పు."

పక్కన బావ ఉన్నాడు. నా హుకుం గురించి ఊరంతా చాటిన బావ.

"లేదన్నా. నేనెందుకు పోస్త."

కొమురన్న తన వేలి వంక చూసుకున్నాడు. మళ్ళీ నన్ను చూశాడు. గుడ్డతో వేలు తుడుచుకున్నాడు. "అయితే నేనే ఏడనో తప్పు జేసిన సార్. ఇప్పి సూస్త, రేపు రాండ్రి" అన్నాడు బావతో. బావ ఆగలేదు. పని రానివాడు షెడ్డెందుకు పెట్టాడని, పెళ్ళాం పిల్లలను చంపబోయాడని నానా మాటలూ అన్నాడు. కారును కరీంనగర్ పంపించాడు. అక్కడివాళ్ళు ఏమీ అడగకుండా రేడియేటర్, ఇంజన్ హెడ్డు మార్చి ఇచ్చారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు.

బాయిలో మాట ఎంత జల్ది పాకుతుందో మాకే తెలుసు. ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కేలోపు అందరి నోళ్ళలో అదే. ఓవర్‌మెన్ చెప్పాడంటే ఎవరు కాదంటారు? కొమురన్న షెడ్డుకు కార్లు రావడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. ఆయన షెడ్డు మూసేసి మందమర్రి పోయి, ఎవరి దగ్గరో లారీ టైర్లకు పంక్చర్లు వేసుకుంటూ బతికాడు. అలాంటి చేతులు, పంక్చర్లు వేశాయి. నేను కొత్త రేడియేటర్‌లో నల్లా నీళ్ళు మరిగించి చల్లార్చి పోయడం మొదలుపెట్టాను. ఊట జోలికి మళ్ళీ పోలేదు. ఎందుకు మానేశావని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఇన్నేళ్ళూ ఒక్క ఊహతో నన్ను నేను ఓదార్చుకున్నాను. కొమురన్నకు నిజం తెలుసు. ఆ ముద్ద చూసినప్పుడే తెలిసిపోయింది. నా పరువు కోసం, అక్కా బావల మధ్య గొడవ రాకూడదని కడుపులో దాచుకున్నాడు. అంత పెద్ద మనిషి. అలా అనుకుంటే నాకు నిద్ర పట్టేది. ఆయన పోయాడని తెలిసినప్పుడు కూడా అదే అనుకుని, మందమర్రి పోకుండా ఊరుకున్నాను.

పోయిన నెల బావకు మళ్ళీ కారు మీద మనసైంది. ఎన్నో ఏళ్ళుగా ఇంటి వెనక ఇటుకల మీద ఉంది అది. దాన్ని నడిపించి మనవరాలిని ఎక్కించుకోవాలని కోరిక. పాత చిన్న కార్లు బాగుచేసే మనిషి ఒకడున్నాడని అక్క ఫోన్ చేసి పిలిపించింది. ఆ పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. వచ్చినవాడు రమేశ్, కొమురన్న కొడుకు. నలభై దాటినవాడు, ఈ మధ్యే ఖనిలో షెడ్డు పెట్టాడు. తండ్రి పేరు వినగానే బావ మొహం మారిపోయింది.

"మీ నాయిన చేతికిచ్చి ఒక్కపారి గాల్చుకున్న. మళ్ళ నీ చేతికిచ్చుడా?"

రమేశ్‌కు కోపం రాలేదు. అతను నెమ్మదిగా అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మా నాయిన పోయేదాక గదే అడిగేటోడు సార్. గ్యాస్కెట్ సక్కగనే కూసోవెట్టిన, బోల్టులు వరసతోనే బిగిచ్చిన, మరి ఏడ తప్పు జేసిన్రా అని. దవాఖానల పండుకోని గుడ అడిగిండు." నా వైపు తిరిగాడు. "గప్పుడు నువ్వున్నవట గద కాకా. నీకేమన్న యాదికున్నదా?"

కొమురన్నకు తెలియదు. ఏమీ తెలియదు. నేను చెప్పిన మాట నమ్మాడు. తన కళ్ళతో చూసిన ముద్ద కన్నా నా మాటనే నమ్మి, చచ్చేదాకా తన చేతులను అనుమానించుకున్నాడు.

మళ్ళీ అవకాశం వచ్చింది. టీ గ్లాసు చేతిలో ఉంది. నేనేమన్నానో తెలుసా?

"యాదికి లేదు బిడ్డా."

రమేశ్ బండెక్కి వెళ్ళిపోయాడు. నాకు అరవై దాటాయి, బావకు డెబ్బై దాటాయి, నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఇంకా దేనికి భయపడ్డాను? సిగ్గులేని బతుకు నాది. ఆ వాకిలి నుంచి అతను తీసుకెళ్ళిన నింద ఇప్పుడు అతని కొత్త షెడ్డు మీద ఉంది, ఆ షెడ్డుకు కూడా కార్లు రాకుండా పోతే అది మళ్ళీ నా పనే.

బావకు చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో మీరు చూశారు. క్షమించమని కూడా అడగను, క్షమించగలిగిన మనిషి లేడు. ఒక్క వాక్యం మాత్రం ఇన్నేళ్ళలో నేను నోటితో అనలేదు, కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. గుండె కొంచెం తేలికపడుతోంది.

కొమురన్న ఏ తప్పూ చెయ్యలేదు. ఆ నీళ్ళు పోసింది నేను.