అడగకూడని కొమ్మ

నెజీహె ముప్పై ఏళ్లుగా కిటికీలో కర్ర పట్టుకుని, నూనెడబ్బాల్లో పెంచిన పూలమొక్కలకు కాపలా కాసింది. అడిగి తెచ్చిన కొమ్మ బతకదని, దొంగిలించినదే వేళ్లూనుతుందని టర్కీలోని ఆ ఇజ్మీర్ వీధి ఆడవాళ్ల నమ్మకం. "మీ చేతులు పడిపోను, దొంగమొహాల్లారా!" అని ఆమె అరిచేది. చనిపోయిన కూతురు నాటిన జూకాపూల మొక్క ఈ చలికి ఎండిపోయింది. ఎప్పుడో ఎదురింటి ముజెయ్యెన్ ఎత్తుకెళ్లిన దాని కొమ్మ ఒకటి ఆమె ఇంట్లో విరగబూస్తోంది. నెజీహె మొదటిసారి ఆ గడప తొక్కి, మొక్క పక్కనే కూర్చుంది.

"ఇవాళ కర్ర తేలేదేం అక్కా?" అంది ముజెయ్యెన్. నెజీహె కళ్లు చూసి గొంతు తగ్గించింది. "కాఫీ పెట్టుకొస్తా. నా పొయ్యి మహా బద్ధకంది, ఆలస్యమవుతుంది." వంటింట్లోకి వెళ్లి తలుపు మూసుకుంది.

నెజీహె చిన్న కొమ్మ తుంచి చేతిరుమాల్లో చుట్టుకుంది. చాలాసేపటికి వచ్చిన కాఫీ చల్లారిపోయి ఉంది. అయినా ఇద్దరూ అది వేడిగా ఉన్నట్టే ఊదుకుంటూ తాగారు.