ఆదివారం దాకా బేబీ

ఎనిమిదో తరగతిల బడి మానేసినోణ్ణి. నాకొచ్చిన విద్య ఒక్కటే, పక్కనోళ్లను ఆటపట్టించుడు. బిడ్డ పుట్టినప్పుడు గూడ అదే చూపిచ్చిన.

మా చర్చిల బిడ్డ పేరు ముందుగాల ఇంట్ల పలకరు. తండ్రి పాస్టరయ్య చెవిల చెప్తే, ఆదివారం ఆయన బిడ్డను ఎత్తుకొని మైకుల అందరికీ చెప్తడు. అప్పటిదాకా ఎవరింట్ల పుట్టినా బేబీయే. జూలూరుపాడుల మా అత్త, పేరేందో చెప్పు అల్లుడా అని రోజుకు పదిసార్లు అడిగేది. పేరు తయారుగున్నది, మైకుల వినుండ్రి అని ఊరించిన. మా ఇంటామెకు గూడ చెప్పలే.

శుక్రవారం పొద్దుగాల బేబీ పాలు ముట్టలే. కండ్లు, అరికాళ్లు పసుపు రాసినట్టున్నయి. ఊళ్లె దవాఖానల చూపిస్తే, కామెర్లు ముదిరినయి, జల్దీ ఖమ్మం తీస్కపొండ్రి అన్నరు. జీపుల పోయినంత సేపు నాకు ఒక్క జోకు తోచలే.

ఖమ్మం దవాఖానల అద్దం అవతల నీలం లైటు కింద నలుగురు పసిపిల్లల్ని పండవెట్టిండ్రు. అందరి కండ్లకు గంతలు. చేతికి కట్టిన చీటీ మీద తల్లి పేరే. నర్సమ్మ నలుగుర్నీ బేబీ అనే అంటున్నది. ఈ లైటుకు కామెర్లు తగ్గకుంటే రక్తం మార్చాలె, అప్పుడు మన చేతుల ఏం లేదు అన్నడు డాక్టరు.

మా ఇంటామె ఐదు రోజుల బాలింత. బెంచీ మీద ముడుచుకొని కూసున్నది.

"ఇప్పుడన్న చెప్పయ్యా. పేరు పెట్టి దేవుణ్ణి అడుగుత."

పేరుంటే గద చెప్పెటానికి.

"పేరేం అనుకోలే నేను. ఊకె అన్న."

తిట్టినా బాగుండు. ఆమె కొంగు తల మీదికి తీసుకున్నది.

"ప్రభువా, మా బేబీ..." అన్నది. ఇంక మాట రాలే.

నేను అద్దం కాడికి పోయి పేర్లు వెతికిన. బైబిల్లవి, చుట్టాలవి, జీపుల వెనక రాసినవి. ఏది తీసినా పెద్దోళ్ల అంగీ లెక్కనే ఉన్నది, లోపలున్న పాణమేమో పిడికెడు. ఆఖరికి బేబీ అనే పిలిచిన. నలుగురిల ఒక్కరు గూడ కదల్లే.

ఆదివారం చర్చి మొత్తం లేచి నిలవడి బేబీ కోసం ప్రార్థన చేసిందట. మంగళవారం రక్తం మార్చకుంటనే ఇంటికి పంపిండ్రు. తర్వాత పేరు పెట్టినం, బడిల అదే నడిచింది. మా ఇంటామె ప్రార్థనల మాత్రం ఇప్పటికీ బేబీయే. ఆ మాట కాడికి వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం ఆగుతది. నేను తల దించుకొని కూసుంట.