టేపుల జాబితాలో ఒక స్టార్

నరసరావుపేటలో మా మేడ మీది గదిలో కూర్చుని, ఎక్కడో దూరదేశంలో ఉన్న మెయిన్‌ఫ్రేమ్ టేపులను చూసుకోవడం నా ఉద్యోగం. ఆ పెద్ద కంప్యూటర్ల పాత రికార్డులన్నీ టేపుల్లోనే ఉంటాయి. ఏ సిస్టమ్ ఏ నంబర్ల టేపులు వాడుకోవచ్చో ఒక జాబితాలో రాసిపెట్టాలి. ముఖ్యంగా, కొత్త ప్రోగ్రాముల పరీక్షల కోసం పెట్టిన సిస్టమ్‌ను అసలు రికార్డుల టేపుల మీదికి పోనివ్వకూడదు. ఒకరు రాసిన జాబితాను ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే అది అమలవుతుంది.

నా జాబితాలు చూసే అమ్మాయిది గురజాల. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఎప్పుడూ ముఖాలు చూసుకోకపోయినా, ఇద్దరిదీ పల్నాడేనని నన్ను అన్నా అని పిలిచేది.

ఆ రోజు పరీక్షల సిస్టమ్‌కు కొత్త టేపుల నంబర్లు చేర్చాలి. ఒక్కొక్కటీ కొట్టడానికి బద్ధకించి, అన్ని టేపులకూ వర్తించేలా ఒక స్టార్ పెట్టేశాను. రేపు సరిచేద్దాంలే అనుకున్నాను. ఆమెకు ఫోన్ చేసి, నంబర్లు చేర్చానని మాత్రం చెప్పాను.

“నువ్వు చూసినాక నేను చూసేదేంది అన్నా? ఓకే కొట్టేస్తున్నా. తేడా వస్తే ఇద్దరం మిరపకాయలు కోయటానికి పోదాం,” అని నవ్వింది.

సాయంత్రానికి పరీక్షల సిస్టమ్ ఒక అసలు టేపు మీద రాసేసింది. అందులోని పాత రికార్డులు చెరిగిపోయాయి. దానికి రెండో కాపీ లేదు.

విచారణలో, స్టార్ సంగతి ఆమెకు ముందే చెప్పానన్నాను. ఆమె సరేనందని కూడా అన్నాను. ఎంతో కాలంగా పనిచేస్తున్నవాణ్ణి. నా మాటే నమ్మారు. నన్ను మందలించి వదిలేశారు. ఆపాల్సిన మనిషి తెలిసీ ఆపలేదని ఆమెను తీసేశారు.

మర్నాడు ఫోన్ చేసింది.

“అన్నా, స్టార్ సంగతి నాకు చెప్పావంట గదా. ఎంత ఆలోచించినా గుర్తు రాటంలా. నిజంగా చెప్పావా?”

నన్ను నిలదీయడానికి చేయలేదు. తన్ను తానే అనుమానించుకుంటోంది.

“చెప్పా చెల్లెమ్మా. పనిలో పడి మర్చిపోయుంటావు.”

“అంతే అయ్యుంటదిలే,” అంది.

ఇప్పుడు నంబర్లన్నీ ఒక్కొక్కటే కొడతాను. జాబితాలో లేని టేపును పరీక్షల సిస్టమ్ అడిగితే, కుదరదని తెర మీద ఒక వరుస వస్తుంది. అది వచ్చిన ప్రతిసారీ ఆ గొంతు వినిపిస్తుంది. నిజంగా చెప్పావా?

మొన్న గురజాల నుంచి మా మరదలు వచ్చింది. భోజనాల దగ్గర, తన పిల్లల బడిలో కంప్యూటర్ టీచరు సంగతెత్తింది.

“ఆ మేడంకి చానా మతిమరుపంట బావా. ఎవరేం చెప్పినా చీటీ మీద రాసి, వాళ్ళ చేత సంతకం పెట్టించుకుంటది. ఇదివరకు మీలాగే టేపుల ఉద్యోగమే చేసిందంట. ఈ మతితో ఎట్టా చేసిందో.”

అందరూ నవ్వారు. ఆమెకు మతిమరుపు లేదని తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. మజ్జిగ పోయించుకున్నాను.