సాబిరా వదిలిన తెల్లకాగితం

తెనాలి కూరగాయల మార్కెట్టు వెనక సందులో జాకీర్ బైండింగ్ షాపు ఉండేది. షాపంటే ఒక చిన్న గది. ముందు భాగంలో జాకీర్ కాగితాలు బిగించి అంచులు కోసేవాడు. వెనక చాప మీద కూర్చుని అతని భార్య సాబిరా మడతలు పెట్టి కుట్టేది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు వాసన సందు మొదట్లోకే వచ్చేది.

వారపత్రికల్లో సీరియళ్ళు చదివే రోజులవి. మాలాంటివాళ్ళం వారం వారం ఆ పేజీలు చింపి పరుపు కింద దాచుకుని, కథ అయిపోయాక బైండింగుకి ఇచ్చేవాళ్ళం. ఏడాది నడిచిన సీరియల్లో ఒకటో రెండో వారాలు పోకుండా ఉండవు. బాపట్ల నుంచి నేను తెచ్చి ఇచ్చినదాంట్లో పదిహేడో వారం పోయింది. పక్కింటివాళ్ళు చదివి ఇస్తామని తీసుకెళ్ళి పకోడీలు పొట్లం కట్టుకున్నారు. మిగతా బైండర్లయితే పదహారు పక్కన పద్దెనిమిది పెట్టి కుట్టేసేవారు. సాబిరా అలా కుట్టేది కాదు. పోయిన వారం ఎన్ని పేజీలో అన్ని తెల్లకాగితాలు అదే కొలతకి కోసి మధ్యలో పెట్టేది.

"కాగితం దండగ కదా సాబిరమ్మా" అన్నాను మొదటిసారి చూసి.

"లేనిది లేనట్టు కనపడాలండి. మూసేస్తే ఇక ఎవరూ వెతకరు" అంది సూది లాగుతూ.

"కుడుతూ చదువుతుందమ్మా. అందుకే మీ పుస్తకం పది రోజులు ఆలస్యం" అన్నాడు జాకీర్.

"చదవకపోతే వారం పోయిందని ఎలా తెలుస్తుంది? ఈయనకి వదిలేస్తే తల పక్కన కాళ్ళు పెట్టి కుట్టేస్తారు."

ఆమె పుట్టింది అడవులదీవిలో. చదువు ఏడో తరగతి. పెళ్ళై తెనాలి వచ్చాక చదివినదంతా ఆ చాప మీద, ఊళ్ళోవాళ్ళ పేజీలు మడతపెడుతూ చదివిందే. పిల్లల్లేరు. పత్రికల్లో సీరియళ్ళు తగ్గి, పని స్కూలు రికార్డులకి వచ్చి ఆగాక, రేపల్లెలో ఉండే వాళ్ళక్క మనవరాలు సిమ్రాన్ ఆమెకి ఒక బ్లాగు చేసిపెట్టింది. తాను కుట్టిన కథల గురించి, ఎవరి పుస్తకంలో ఏ వారం లేదో దాని గురించి, శుక్రవారం శుక్రవారం రాసేది. బైండు చేసినవి తిరిగి ఇచ్చేటప్పుడు జాకీర్ ఆ బ్లాగు అడ్రసు చీటీ మీద రాసి లోపల పెట్టేవాడు. "మా ఆవిడ కంప్యూటర్లో రాస్తోందమ్మా" అని చెప్పేటప్పుడు అతని గొంతు కొంచెం మారేది.

నేను బాపట్ల టెలిఫోన్ ఎక్స్చేంజీలో పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరిని కలిపి పక్కకి తప్పుకోవడమే ముప్పై ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం. ఆమె రాసిన ప్రతి ముక్కా చదివాను. ఏనాడూ కింద ఒక్క మాట రాయలేదు. చదివితే చాలుననుకున్నాను.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో జాకీర్ పోయాడు. ఆ శుక్రవారం బ్లాగు రాలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు రాలేదు. వారానికొకసారి తెరిచి చూసేదాన్ని, గేటు దగ్గరకెళ్ళి పోస్టు వచ్చిందేమో చూసినట్టు.

మొన్న శ్రావణంలో వచ్చింది.

"సిమ్రాన్ ఏవో ప్రశ్నలు పంపింది. రాయడం మానేసినవాళ్ళు వారానికి ఐదు జవాబులు రాసుకుంటే మళ్ళీ చెయ్యి తిరుగుతుందట. నాలుగు శుక్రవారాలు రాస్తాను. అప్పటికి కూడా ఎవరూ లేరని తెలిస్తే బ్లాగు తీసెయ్యమని చెప్పాను. మనుషులు లేని గదిలో లైటు వేసి ఉంచడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు."

కింద జవాబులు.

"ఒకటి. ఈ రోజు టిఫిన్ ఏంటి? రాత్రి అన్నంలో మజ్జిగ. ఒక్కదానికోసం పిండి రుబ్బితే మూడో రోజుకి పులిసిపోతోంది.

రెండు. మీ చేతికి అందేంత దూరంలో ఏముంది? ఫోను, కళ్ళజోడు, జిగురు గిన్నె. గిన్నె తోమి రెండేళ్ళయింది. పప్పు వండుకోవడానికి మనసొప్పదు.

మూడు. నిద్ర లేవగానే ఏం చేస్తారు? షాపు తియ్యాలని లేస్తాను. తర్వాత గుర్తొస్తుంది.

నాలుగు. చివరిసారి ఎవరితో మాట్లాడారు? నిన్న గ్యాస్ బుక్ చేస్తే ఒకమ్మాయి మాట్లాడింది. రికార్డింగని తెలుసు. అయినా సరేనమ్మా అన్నాను.

ఐదు. మీ బ్లాగు ఎవరు చదువుతారు?"

ఐదో ప్రశ్న కింద ఏమీ లేదు. నాలుగైదు వరుసల ఖాళీ. తెలియదని కూడా రాయలేదు.

రెండో శుక్రవారం ప్రశ్నలు మారాయి గాని ఐదోది అదే ఉంచింది. అదే ఖాళీ. నేను రాయబోయాను. ఏదో అకౌంటు తెరవమంది, పాస్‌వర్డ్ అడిగింది, తప్పంది. ఫోను పక్కన పెట్టేశాను. నిజం చెప్పాలంటే, పాస్‌వర్డ్ దొరికితే ఏం రాయాలో నాకు తెలియదు. పదేళ్ళు పలకని మనిషి ఇప్పుడు పలికితే, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారని అడగదూ?

మూడో శుక్రవారం రాసినదాని కింద ఒక కామెంటు కనపడింది. ఇంగ్లీషులో ఉంది. పోస్టు చాలా బాగుందని, కీళ్ళనొప్పుల మాత్రలు చవగ్గా కావాలంటే ఇక్కడ నొక్కమని. దాని కింద సాబిరా జవాబు.

"సిమ్రాన్‌తో చదివించుకున్నానండి. చదివినందుకు చాలా సంతోషం. మీదే ఊరండి? నాకు కూడా మోకాళ్ళు నొప్పులేనండి."

ఆ తర్వాత రెండు రోజులాగి మళ్ళీ, "భోజనం చేశారా?"

అది చదివాక అన్నం సయించలేదు నాకు. నాలుగో శుక్రవారం పొద్దున్నే ఆ పాత బైండు పుస్తకం సంచిలో పెట్టుకుని తెనాలి రైలెక్కాను.

సందు అలాగే ఉంది. వాసన లేదు. షట్టరు సగానికి దించి ఉంది. వంగి చూస్తే అదే చాప మీద ఫోను పట్టుకుని కూర్చుంది.

"బైండింగులు చెయ్యట్లేదండి" అంది తలెత్తకుండా.

"బైండింగుకి కాదు సాబిరమ్మా. ఐదో ప్రశ్నకి వచ్చాను."

అప్పుడు తలెత్తింది. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "బాపట్ల టెలిఫోనమ్మగారు. పదిహేడో వారం. దొరికిందాండి?"

"లేదు. అలాగే ఉంది తెల్లగా."

"ఏదైనా రాశారా అందులో?"

"రాయలేదు."

"బ్లాగు?"

"మొదట్నించీ చదువుతున్నాను."

"మొదట్నించీ" అని మళ్ళీ అనుకుంది. "ఒక్క ముక్క చెప్పలేకపోయారా? లైనులో ఉండి వినడం అలవాటైపోయి ఉంటుంది మీకు."

అన్నదాంట్లో తప్పులేదు. వెళ్ళి చాప అంచున కూర్చున్నాను.

టీ పెట్టింది. చక్కెర ఎక్కువైంది. ఇద్దరికి పెట్టి చాలా రోజులైందట, కొలత మర్చిపోయిందట.

"మరి ఆ ఇంగ్లీషాయన ఎవరండీ?"

"మనిషి కాదమ్మా. మాత్రలమ్ముకునే మిషను. అందరికీ అదే పంపుతుంది."

"అదా సంగతి. ఊరడిగితే చెప్పడే అనుకున్నాను." గ్లాసు కింద పెట్టి నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ఆయనుంటే ఈ మాట చెప్పి నెల్లాళ్ళు ఏడిపించేవారు నన్ను."

పుస్తకం తీసి ఇచ్చాను. కుట్టు వేలితో తడిమి చూసింది. ఒక చోట వదులైందని సూది తెచ్చి రెండు పోగులు వేసింది. తెల్లకాగితాల దగ్గర ఆగి, పుస్తకం మూసి నా చేతికిచ్చింది. మళ్ళీ రమ్మనలేదు, నేనూ వస్తానని అనలేదు. రైలు టైమైంది.

ఆ సాయంత్రం బాపట్లలో దిగి ఫోను చూసుకున్నాను. ఐదు జవాబులూ ఉన్నాయి. ఐదోది: "ఒకరు. బాపట్ల. పలకరు." బ్లాగు తీసేసే మాట ఎక్కడా లేదు.

అక్కడే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ అవతలి చివర చదువుకుంటున్న ఒక అమ్మాయిని అడిగి అకౌంటు తెరిపించుకున్నాను. కింద రాశాను. "పలికాను."

ఇవాళ మంగళవారం. చివరిసారి ఎవరితో మాట్లాడారన్న ప్రశ్న నన్నడిగితే, ఆ బెంచీ మీద అమ్మాయితోనని రాయాలి. నేను మాత్రం సాబిరాతోననే రాస్తాను.