మా ఇంట్లోని బ్రెజిలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులకే మర్యాద ఎక్కువ. సోమందేపల్లి దగ్గర చిన్న పల్లె మాది. మట్టి మిద్దె, లోపల పొడుగ్గా ఒకటే సాల, నడుమ మనిషి ఎత్తు కూడా లేని అడ్డగోడ. గోడకు అటువైపు పురుగులు, ఇటువైపు మేము. పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్లూ తిరగమాత వేయకూడదు, బీడీ ముట్టించకూడదు, కాళ్లు కడుక్కోకుండా ఎవరూ గడప దాటకూడదు. మా నాయనకు బీడీ లేనిదే పొద్దు గడవదు. పాపం, దొంగలాగా కళ్లం దాకా నడిచిపోయి కాల్చుకుని వచ్చేవాడు. తిరగమాత లేని పప్పు తిని తిని నాకు ఆ పురుగుల మీద భలే కోపంగా ఉండేది.

మాది ఎండసీమ. వేసవిలో మా గాలి చిన్న పురుగులకు అస్సలు పడదు. లేత మల్బరీ ఆకు తట్టలో వేసిన కాసేపటికే వాడిపోతుంది, వాడిన ఆకును అవి ముట్టవు. అందుకని మా అవ్వ గోనెసంచులు తడిపి కిటికీలకూ వాకిలికీ వేలాడగట్టేది. నేల మీద ఇసుక పరిచి నీళ్లు చిలకరించేది. బయటినుంచి లోపలికి వస్తే బావిలోకి దిగినట్టు ఉండేది. తడిసిన గోనెల ముక్కవాసన మా బట్టలకు కూడా అంటుకునేది.

ఆ వేసవిలో మా అత్త కూడా ఇంట్లోనే ఉంది. అత్త అంటే మా నాయన చెల్లెలు, అవ్వకు ఆఖరి బిడ్డ. హిందూపురంలో హాస్టల్లో ఉండి చదువుకునేది. టీచరమ్మ కావాలని ఆమె ఆశ. ఉబ్బసం ముదిరి చదువు మధ్యలో ఆపి వచ్చేసింది. పెనుకొండ డాక్టరు మందులిచ్చి, దుమ్ము తగలనీయవద్దని చెప్పి పంపాడు. అవ్వ బాగా ఆలోచించి, ఇంట్లో ఎక్కడ దుమ్ము రాదో, ఎక్కడ అన్నిటికంటే చల్లగా ఉంటుందో అక్కడే కూతురికి మంచం వేసింది. అంటే అడ్డగోడ పక్కన, తడి గోనెల కింద. వాన ముఖం చూడని ఊరు మాది. మాకు తడి అంటే దేవుడు, చల్లదనం అంటే మందు. అంత సుకుమారమైన పురుగుకే మంచిదైంది మనిషికి చెడ్డదెట్లా అవుతుందని అవ్వ లెక్క. మాలో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

అత్త మంచంలో ఉన్నా పాఠం చెప్పడం మానలేదు. సెలవుల్లో కూడా నన్ను వదిలేది కాదు. నాకేమో భూగోళం అంటే గుండె దడ. ఈజిప్టుకూ బ్రెజిలుకూ తేడాలు చెప్పమంటే రెండింటినీ కలిపి పులుసు పెట్టేదాన్ని. ఒకరోజు అత్త విసుగుపడకుండా, దిండుకు ఆనుకుని కూర్చుని, మన వాకిలి ఈజిప్టు, ఈ సాల బ్రెజిలు అనుకోమంది. మధ్యాహ్నం ఎండలో వాకిట్లోకి వెళ్లి నిలబడి రమ్మంది. నేను అరికాళ్లు కాలి ఎగురుకుంటూ లోపలికి వచ్చాను. ఆ కాలిన కాళ్లే ఈజిప్టు అంది. అక్కడ వాన అరుదట. దేశమంతా ఇసుకేనట. ఒక్క నైలు నది ఉంది, ఆ నీళ్లు కూడా ఎక్కడో దక్షిణాన కొండల్లో పడిన వానవట. ఆ నదిని పట్టుకునే జనమంతా బతుకుతారట. వాళ్ల పల్లెల్లో కూడా మనలాగే చదునైన మట్టి మిద్దెలు ఉంటాయట, వాన భయం లేదు కాబట్టి. ఇక బ్రెజిలులో పెద్ద అడవి ఉంది, అక్కడ కురిసిన వాన ఆరకముందే మళ్లీ వాన. ఏటికి ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనిపించదట, ఆకులు ఎప్పుడూ కారుతూనే ఉంటాయట, ఉతికిన బట్ట ఆరదట. నేను ఆ పూటంతా ఈజిప్టుకూ బ్రెజిలుకూ తిరుగుతూనే ఉన్నాను. పరీక్షలో ఏం రాసేదాన్నో గానీ, ఆ రెండు దేశాలూ నా ఒంటికి తెలిశాయి.

అత్త మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకోవడానికి ఆగేది. నేను అది పాఠం చెప్పే పద్ధతి అనుకున్నాను. చివరికి, ఈ రెండింటిలో ఏది మంచి దేశమని అడిగాను.

"మంచిదా, చెడ్డదా అని అడగగూడదు పాపా. ఎవురికి అని అడగాల. ఈ పురుగుల్ని ఈజిప్టులో పెడితే పొద్దు గూకేలోపల ఎండిపోతాయి. ఈజిప్టు మనిషిని తెచ్చి ఈడ పండుకోబెడితే..." అని ఆగి, నవ్వడానికి చూసింది. "వానికి ఊపిరాడదు."

నేను నవ్వాను. గోడకు అటువైపు అవ్వ పురుగులకు ఆకు సన్నగా తరుగుతోంది. ఆ కత్తి చప్పుడు ఆగిపోయింది.

మా అవ్వకు చదువు రాదు. ఈజిప్టు అంటే చిలమత్తూరు దాటినాక వచ్చే ఊరేమో అనుకునే మనిషి. కానీ కూతురి గొంతులోని మాట ఆమెకు అర్థమైంది. లేచి వచ్చి అత్త వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఎప్పటినుంచి ఇట్లా ఉందని అడిగింది. అత్త, గోనెలు తడిపినప్పుడల్లా ఇట్లాగే ఉంటుందనీ, ఈ పంట గట్టెక్కేదాకా ఓర్చుకుంటాననీ, అన్న ఏడాదంతా దీనిమీదే ఆశ పెట్టుకున్నాడనీ తల వంచుకుని చెప్పింది. ఆ మాటలకు అవ్వ ముఖం ఎట్లా అయిందో నేను చెప్పలేను. ఆమె అందిన గోనెలు పీకి పారేసి, కిటికీలు బార్లా తెరిచింది. వేడిగాలి సాలలోకి దూసుకొచ్చింది.

అప్పుడే నాయన ఆకుమోపుతో వచ్చాడు. పురుగులు రెండో జ్వరానికి వస్తున్నాయి. జ్వరమంటే అవి మేత మాని కుబుసం విడిచే సమయం, అప్పుడు గాలి మారితే ఇక పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. మంచం వేరేచోటికి మార్చుదామంటే లోపల ఉన్నది ఒకటే సాల, బయటంతా దుమ్ము. నాయన తట్టల వైపు చూశాడు, కిటికీల వైపు చూశాడు.

"పురుగుల్ని మళ్లా తెచ్చుకుందాంరా," అంది అవ్వ. "బిడ్డను యాడ తెచ్చుకొస్తాము?"

నాయన మోపు దించి, వెనకవైపు కిటికీకి మిగిలిన గోనెను తనే విప్పేశాడు.

పురుగులు ముడుచుకుపోయాయి. వాటిని దిబ్బలో పోసి వచ్చిన రోజు మా అమ్మ బయటి పొయ్యి మీద పప్పుకు తిరగమాత వేసింది. ఎన్నాళ్లుగానో దానికోసం ఎదురుచూసిన నేను కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసి లేచాను. అత్త గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. అయితే మిగిలిన వేసవి అంతా ఆమెకు ఊపిరి తేలిగ్గా ఆడింది. సాయంత్రాలు పంచలో కూర్చునేది. ఈజిప్టుకు వచ్చి పడినాను పాపా అని నవ్వేది. ఇక గండం గడిచిందనే మేమంతా అనుకున్నాం. పిచ్చివాళ్లం.

తర్వాత వాన వచ్చింది. ఊరంతా ఎదురుచూసిన వాన. శెనక్కాయ విత్తనానికి నేలలో పదును దొరికిందని జనం పండగ చేసుకున్నారు. ముసురు పట్టి రోజుల తరబడి విడవలేదు. మిద్దె కారింది, గోడలు నెమ్ము ఎక్కాయి, ఇల్లంతా అదే ముక్కవాసన. ఊరికి ఊరే బ్రెజిలైపోయింది. అవ్వ సాల నడుమ నిలబడి ఆ మూలకూ ఈ మూలకూ చూసింది. ఈసారి విప్పడానికి గోనెలు లేవు. పెనుకొండకు తీసుకుపోవాలని నాయన బండి కట్టేలోపలే, అవ్వ ఒడిలోనే అత్త ప్రాణం పోయింది.

పదును ఎవరికోసమూ ఆగదు. కన్నీళ్లు ఆరకముందే నాయన విత్తనానికి వెళ్లాడు. వెళ్లక తప్పలేదు. అవ్వ పంచలో కూర్చుని వాన కేసి చూస్తూ ఏడ్చింది. మా సీమలో వాన రాలేదని ఏడ్చినవాళ్లను నా జన్మలో ఎంతోమందిని చూశాను. వాన వచ్చిందని ఏడ్చింది మా అవ్వ ఒక్కతే.

ఇప్పుడు నేను హిందూపురంలో ఉంటున్నాను. పురుగులకు వేరే షెడ్లు వచ్చాయి, తేమ చూసే మిషన్లు వచ్చాయి, మనుషులూ పురుగులూ ఒక కప్పు కింద పడుకునే రోజులు పోయాయి. తొలివాన పడితే ఎదురింటి కోడలు గేటు దగ్గర నిలబడి, మంచి వాన గదమ్మా అంటుంది. మంచి వానే తల్లీ అంటాను, ఆ పిల్ల సంతోషం నేనెందుకు చెడగొట్టాలి? కానీ లోపల అత్త గొంతు, ఎవురికి అని అడుగుతుంది. మా వీధి చివర ఉబ్బసంతో ఉన్న ఒక ముసలాయన ఉన్నాడు. గొడుగు వేసుకుని ముందు ఆయన తలుపు తడతాను. కాసేపు కూర్చుని, ఆయన ఊపిరి సాఫీగా ఆడుతోందని నా చెవులతో విన్నాకే బయటికి వచ్చి వానను చూస్తాను.